నడుమ ఉండవలసిన మెగ్నీషియం

రోజూ కాల్షియం పోస్తున్నా, ఈ ఉప్పునీటి తొట్టిలో పెంచుతున్న పగడాలు ఎందుకు వాడిపోతున్నాయి?

ఇలా నన్ను నేనే ప్రశ్నించుకుంటూ గదిలోకి వచ్చేసరికి, నా భార్య జిప్పోరా, పగడాలకు అదీ కావాలి గనుక, తొట్టిలో వంటసోడా కలుపుతోంది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

"ఏం చేస్తున్నవ్? నేనిప్పుడే కాల్షియం పోసిన!"

"ఆదివారం నుంచి మనకు మాటల్లేవు గదా, నాకెట్ల తెలుస్తది?"

"రెండూ కలిసి సున్నపు పొడై కింద పడుతున్నయ్. మెగ్నీషియం తక్కువైంది. అది నడుమ ఉంటే వాటిని జర ఆపుతది."

"ఔ మల్ల, మా అత్తమ్మ లెక్క," అని ఆమె నవ్వింది. "ఆమె ఉన్నప్పుడు మనం గిట్ల మాటలు బంద్ చేసినమా?"

మా తగవులకు అమ్మే కారణమనుకుని, ఆమెను మెదక్‌లో అన్నయ్య ఇంటికి పంపింది నేనే.

మెగ్నీషియం కోసం ఆబిడ్స్‌కు బయలుదేరబోయినవాణ్ని ఆగి, మెదక్‌కు ఫోన్ కలిపాను.

"అమ్మా, రేపే బస్సెక్కు. నీ కోడలు గాదు, నేనే పిలుస్తున్న."