జ్వరం పాఠం

ఒంట్లో తేడాను ముందే పసిగట్టే ముంజేతి పట్టీలు వచ్చి జబ్బును మొలకలోనే తుంచేస్తున్నప్పటినుంచీ, తెనాలి నాటకాలవాళ్ళకు రోగి వేషం నేర్పేది నాంచారమ్మ ఒక్కతే. జ్వరం ఎరిగిన ఆఖరి తరం ఆమెది.

ఆ వేషం నేర్చుకోడానికొచ్చిన ఇరవై ఏళ్ళ హిమజ మంచం మీద గజగజ వణికి, మూలిగి, తన నుదురు తానే పట్టి చూసుకుంది.

"ఏడిసినట్టుంది! జ్వరమొస్తే నీ చెయ్యీ కాలుద్ది, నీకేం తెలుస్తదే? పక్కనోళ్ళు చూడాల," అని విసుక్కుని, నాంచారమ్మ తన చెయ్యి తిరగేసి హిమజ మెడ కింద ఆనించింది.

హిమజ వణుకు ఆగిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి. పట్టీలున్న ఇళ్ళలో పిల్లల ఒళ్ళు ముట్టి చూసే పని ఎవరికీ లేదు మరి.

"అద్గదీ! అదే జ్వరం మొహం. వచ్చేసిందిగా, ఇక లే."

"ఇంకా రాలేదు మామ్మగారూ," అంది హిమజ, కళ్ళు తెరవకుండానే. "చెయ్యి తియ్యకండి."