పెరుగు గిన్నె వయసు

నా అక్షరాలు వంకర, రాయడం నెమ్మది. తప్పులుంటే మన్నించండి.

లంబసింగిలో మా ఇంట్లోనూ గదికొకటి చొప్పున తెలివైన వెచ్చదనం పెట్టెలు బిగించారు. మనిషి ఉన్న గదినే అవి వెచ్చగా ఉంచుతాయి. మనిషి లేచి వెళ్తే మంచు మెల్లగా లోపలికొచ్చి కూర్చుంటుంది. అలా వంటగది చల్లబడి, నిన్న పాలు తోడుకోలేదు. మా అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న, నాటి నుంచీ రోజూ పాలకు తోడేస్తూ వస్తున్న చేమిరి ఇక ఒక్క చెంచాడే మిగిలింది.

"పేకెట్టు పెరుగు తెచ్చీనా అత్తా?" అంది కోడలు జీవిత.

"అది మనింటిది కాదే," అన్నాను.

జీవిత వెళ్ళి, పెరుగు గిన్నెను ఇంటి మనిషిగా పెట్టెకు చెప్పింది. వంటగది వెచ్చబడింది. ఆ చివరి చెంచాడూ పాలలో వేశాను.

"పెట్టె దీని వయసెంతని అడుగుతోంది. ఏటి చెప్పమంటావత్తా?"

"నాకంటే పెద్దదని చెప్పు."

పొద్దున మూత తీస్తే పెరుగు గడ్డలా పేరుకుని ఉంది.

గెమ్మెలి సన్యాసమ్మ, డెబ్భై రెండేళ్ళు, ప్రస్తుతం లంబసింగి.