నెమరు చప్పుడు

కరెంటు పోయి గంటయింది. సౌభాగ్యం విసుక్కుంటూనే టార్చి పట్టుకుని మళ్ళీ కొట్టంలోకి వెళ్ళింది. చూలి ఆవు రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. మొగుడేమో దాన్ని చూసుకోమని చెప్పి కంబైనల్లూరు పోయి కూర్చున్నాడు. పొద్దున రక్తం తీసుకుపోయిన పశువుల డాక్టరు గుణశేఖరన్ ఇప్పుడు ఫోనులో ఉన్నాడు.

"రక్తంలో పురుగులుండాయి అక్కా. ఈగలు కుట్టి ఎక్కించినాయి. గుండెను, కడుపును మనం అడక్కుండానే నడిపించే నరాలుంటాయి చూడు, వాటిని చెడగొట్టినట్టుంది. కంట్లో లైటు వెయ్యి. పాప చిన్నదయితుందా?"

వేసింది. కంటిపాప పెద్దదిగా, కదలకుండా అలాగే ఉంది. ఆవు రెప్ప కూడా వేయలేదు.

"కాలేదు. సూది వేసేదానికి రా సామీ అంటే, అది చూడు, ఇది చూడు అంటావు."

"తెల్లారగానే వస్తా. ఎడమ డొక్కకు చెవి పెట్టి విను. గుడగుడమంటుందా?"

తిట్టుకుంటూ చెవి ఆనించింది. చర్మం వెచ్చగానే ఉంది. లోపల మాత్రం ఏ చప్పుడూ లేదు.

"ఏమీ వినపళ్ళేదు."

"మిగిలిన పశువులు బాగుండాయి కదా?"

"వాటికేం, బండల మాదిరి ఉండాయి," అని ఫోను పెట్టేసింది.

కొట్టం అవతలి కొసన చీకట్లో రెండు పెయ్యలు, ఒక ముసలి ఎద్దు ఉన్నాయి. వాటి నెమరు చప్పుడుకు రోజూ ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో కూడా ఆమె గమనించలేదు.

"నమలండి," అని చీకటిని కసిరింది. "నమిలి సావండి."

అటు టార్చి తిప్పడానికి చెయ్యి లేవలేదు.