పంతొమ్మిది రాళ్లు

"అంత సుతారంగానా అమ్మా? రాళ్లు వేస్తున్నారా, పూలు చల్లుతున్నారా?" గైడమ్మ కసిరింది.

టోపీ పెట్టుకున్న పర్యాటకురాలు నవ్వి, ఈసారి చెయ్యి వెనక్కి లాగి మరీ విసిరింది. గులకరాయి తలుపుకి తగిలి ఠక్కుమంది.

"ఇప్పుడు అరవండి!"

"దీపం పెట్టరా!"

"ఇంకా గట్టిగా. వాడికి వినపడొద్దూ?"

"వందేళ్ల కిందటివాడికి వినపడాలంటే మైకు కావాలి," అన్నాడు గుంపులో ఒకాయన. అందరూ గొల్లున నవ్వారు. గైడమ్మ మాత్రం నవ్వలేదు. "పది," అని లెక్కపెట్టి తర్వాతి వాళ్లకి రాయి అందించింది.

పర్యాటక శాఖ ఆఫీసరు ఫైలు చంకలో పెట్టుకుని వెనక నిలబడి చూస్తున్నాడు. ఆ చిన్న ఊళ్లో చూడాల్సినవి నాలుగే. తుప్పు పట్టిన ఫిరంగి, గవ్వల అంగళ్లు, నూట నలభై మెట్ల లైట్‌హౌసు, దాని పాదాల దగ్గర ఒకప్పటి దీపం కాపలావాడి ఈ పాత ఇల్లు. జనం మాత్రం ఈ ఇంటి తలుపు కోసమే ఎగబడి వస్తారు. వందేళ్ల కిందట ఇక్కడి దీపం కాపలావాడు పేకాటలో పడి దీపం పెట్టలేదనీ, పడవ రాళ్లకి కొట్టుకుని పంతొమ్మిదిమంది మునిగిపోయారనీ గైడమ్మ చెప్పే చరిత్ర. అందుకే రోజూ పంతొమ్మిది రాళ్లు. మనుషులు తక్కువైతే ఒక్కొక్కరి చేత రెండేసి వేయిస్తుంది. కిటికీ మీద వెయ్యనివ్వదు, తలుపు మీదే వెయ్యాలి.

పదకొండో రాయి పడగానే ఆఫీసరు ముందుకొచ్చాడు.

"ఇక చాలు. అందరూ వెళ్లి గవ్వలు కొనుక్కోండి."

"ఇంకా ఎనిమిదున్నాయి సార్!"

"మీతో మాట్లాడాలమ్మా."

గుంపు కదిలిపోయింది. గైడమ్మ చేతిలో మిగిలిన రాళ్లని అంత తేలిగ్గా వదల్లేదు. ఆఫీసరు గొడుగు గోడకి ఆనించి ఫైలు తెరిచాడు.

"రేపు ఊరి చరిత్ర పుస్తకం అచ్చుకి వెళ్తోంది. ఈ కథ నిజమైతే ఇల్లు ఉంటుంది. కాకపోతే పడగొట్టి కార్లు నిలిపే జాగా చేస్తారు. రేవు రిజిస్టర్లన్నీ తిరగేశాను. అలాంటి పడవేదీ మునగలేదు."

గైడమ్మ చేతిలోని రాళ్లని మెట్టు మీద పేర్చింది.

"సరే, లోపలైనా చూపించండి. పాత సామానేమైనా ఉందేమో." అతను భుజం ఆనించి తలుపు నెట్టాడు. అది ఇసుమంతైనా కదల్లేదు.

"ఉప్పుగాలికి చెక్క బిగుసుకుపోయింది సార్."

"రిజిస్టర్లో ఒకటే ఉంది. ఇరవై రెండేళ్ల కిందట, చిన్న తెప్ప. ఒక్క కుర్రాడు పోయాడు. ఆ రాత్రి దీపం వెలగలేదు."

"పంతొమ్మిదేళ్లు వాడికి," అంది గైడమ్మ.

ఆఫీసరు ఫైలు మూసేశాడు. "మీవాడా?"

"నా కడుపున పుట్టినవాడే. దీపం కనపడుతుందని నమ్మి అంత పొద్దుపోయాక బయల్దేరాడు."

"మరి దీపం కాపలాదారు?"

"పేకాటలో ఉన్నాడు. విచారణలో యంత్రం పాడైందని రాసుకుని వదిలేశారు. మందలింపు కూడా లేదు సార్!" ఆమె గొంతు పెంచింది. బాధతో కాదు, కోపంతో. "వాళ్లు వెయ్యని శిక్ష నేను వేశాను. రోజుకి పంతొమ్మిది. వానొచ్చినా మానలేదు, జ్వరమొచ్చినా మానలేదు. వాడు చేసిన పని ఊరూరి మనుషులు వచ్చి వాడి గుమ్మంలో అరిచి చెప్పాలి. అదే నాకు కావాలి."

"అలాంటప్పుడు వందేళ్లంటారెందుకు?"

"నిన్నమొన్నటి చావుకి అయ్యో పాపం అని వెళ్లిపోతారు సార్. వందేళ్లయిందంటే టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తారు."

ఆఫీసరు తలుపు వైపు చూశాడు. ఆ కాపలావాడు ఏనాడో మూటాముల్లె సర్దుకుని ఊరు దాటి ఉంటాడు. ఈవిడ ఇరవై రెండేళ్లుగా ఖాళీ ఇంటి మీద కసి తీర్చుకుంటోంది. చూస్తే జాలేసింది. అబద్ధాన్ని చరిత్ర అంటూ అచ్చు వేయించడం తప్పే, కానీ ఈ తలుపు కూలగొడితే ఈమె బతకదనిపించింది.

"'ఊళ్లో చెప్పుకునే కథ' అని రాయిస్తాను. ఇల్లు ఉంటుంది."

గైడమ్మ చేతులు జోడించి, మెట్టు మీది నాలుగు గిన్నెల క్యారేజీ అందుకుంది. ఇంత బక్కమనిషి అంత తింటుందా అని ఆఫీసరు లోలోపల నవ్వుకుంటూ బయల్దేరాడు.

వీధి మలుపు దాటాక గొడుగు గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. గైడమ్మ ఆ తలుపు ముందే నిలబడి ఉంది. రెండుసార్లు మెల్లగా తట్టింది. లోపలివైపు నుంచి గడియ తీసిన చప్పుడైంది. బిగుసుకుపోయిందన్న తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది. ఎముకలు తేలిన ముసలి చెయ్యొకటి బయటికొచ్చి క్యారేజీని పక్కకి నెట్టింది.

"మన బాబు పేరన ఇవాళ నాకు పదకొండే పడ్డాయి, మిగతా ఎనిమిదీ నువ్వే వెయ్యవే."