బలపం పొడి

సంతోషమ్మ పత్తి యంత్రంలో చమురు తెల్లగా ఉంది.

మేస్త్రీ శేషన్న వేలితో తీసి చూశాడు. "ఏం కలిపినావు ఇందులో?"

"బలపం రాయి. మెత్తగా నూరి, పాత చీరలో జల్లించి కలిపినా."

నంద్యాల మిల్లులో అది చిన్న తప్పు కాదు. మద్రాసు నుంచి వచ్చే తెల్లదొరల చమురు అది. అందులో ఎవరూ వేలు పెట్టకూడదని కట్టడి.

"ఎండలకు నీళ్లయిపోతాందప్పా మీ చమురు. బండి ఇరుసుకు ఉత్త ఆముదం ఎవురన్నా పూస్తారా? మసి కలపరూ? మసయితే పత్తికి అంటుతాదని బలపం కలిపినా. బేరింగు మీద చెయ్యి పెట్టి చూడు."

పెట్టాడు. చల్లగా ఉంది. పక్క యంత్రం బేరింగు మీద పెట్టి చటుక్కున తీసేశాడు.

ఆ పక్క యంత్రం గిడ్డమ్మది. పోయిన వారం అలాగే కాగి, పత్తికి నిప్పంటుకుంది. గిడ్డమ్మ మోచేతుల దాకా కాలి ఇంట్లో పడుంది. పనిలో కునుకు తీసిందని షావుకారుకు చెప్పిందెవరు? ఈ పెద్దమనిషే. పని పోయింది, మందుకు దిక్కులేదు, మిల్లుకు నిప్పు పెట్టిన మనిషన్న పేరొకటి. తలుచుకుంటే సంతోషమ్మకు ఒళ్లు మండిపోతుంది.

శేషన్న గొంతు తగ్గించాడు. ఇంకో యంత్రం అంటుకుంటే ఈసారి పోయేది అతని కొలువే.

"అన్నిటికీ కలుపు. నిన్నేమీ అనను. గిడ్డమ్మ మాట మాత్రం ఎత్తొద్దు."

సంతోషమ్మ పొడి మూటను నడుముకు దోపుకుంది.

"గిడ్డమ్మ నిద్రపోల్యాదని అందరి ముందరా చెప్పు. అప్పుడు కలుపుతా."

"ఎవురితో మాట్లాడతాండావో తెలుస్తాందా?"

"బాగా తెలుస్తాంది."

అని నేల మీద బైఠాయించింది.

అవతల మద్దమ్మ చేతిలోని పత్తి కింద పెట్టేసింది. తర్వాత సోమక్క. చూస్తుండగానే వరసలోని ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. యంత్రాలు పత్తి లేకుండా ఉత్తగా తిరుగుతున్నాయి.

పత్తి ఆగిందేమని షావుకారు గుమ్మంలోకి వచ్చాడు.

శేషన్న తల వంచుకుని గొణిగాడు. "గిడ్డమ్మ నిద్రపోల్యాదులే. తప్పు చమురుదే."

సంతోషమ్మ మూట విప్పలేదు. షావుకారు వైపు ఒకసారి చూసింది.

"ఇంజను మోతలో వినపడల్యాదప్పా" అంది. "ఇంగోసారి చెప్పు."