బీరమ్మ చెయ్యి

శ్రీరామమూర్తి మెడ ఎడమవైపు తిరగడం మానేసి వారమైంది. నడుము సంగతి సరేసరి.

ఆఫీసులో సెలవులన్నీ కరిగిపోయాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బందుల పుణ్యమా అని నారాయణగూడ డాక్టరు తలుపు తీయడం లేదు.

పాలామె చెబితే ముషీరాబాద్ నుంచి బీరమ్మను పిలిపించింది అతని భార్య కుసుమ. గ్లాసుల్లో మంట చూపి, వీపు మీద బోర్లించి నొప్పులు లాగేస్తుందట.

"బోర్ల పండుర్రి సారూ. కదలొద్దు."

బీరమ్మ వెలిగించిన దూదిని గ్లాసులో ఒక్కసారి తిప్పి తీసి, టక్కున మెడ కింద బోర్లించింది. కండ గ్లాసులోకి పొంగింది. ఇంకోటి, మరోటి. మూర్తికి ప్రాణం లేచి వచ్చింది.

సుఖం చిక్కితే ఆయన నోరు ఊరుకోదు.

"విన్నావుటే కుసుమా? మొన్న పోలీసు కాల్పుల్లో పోయిన కుర్రాడికి ఊరేగింపట! రాళ్లు విసిరినవాడికి పూలదండలా?"

"మెల్లగా అనండి. మీసాలైనా రాని పిల్లాడట."

"వాణ్ణి కాదు, వాడి తల్లిని అనాలి. కన్నతల్లయితే గడప దాటనిస్తుందా?"

నడుము మీద చుర్రుమంది. మండుతున్న దూది జారి పడింది.

"అబ్బా!" మూర్తి ఎగిరి లేచాడు. గ్లాసులు ఊడి నేల మీద పగిలాయి.

"తప్పైంది సారూ. చెయ్యి వణికింది."

"వణికిందా? ఆంధ్రావాడి వీపు దొరికిందని కావాలనే కాల్చావు. ఫో బయటికి!"

బీరమ్మ గాజు పెంకులు ఏరి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా చిక్కడపల్లిలో, అశోక్ నగర్‌లో తనకు తెలిసిన ప్రతి ఇంటికీ కబురు పెట్టాడు మూర్తి, ఆ మనిషిని గుమ్మం ఎక్కించొద్దని.

మర్నాడు గడ్డం గీసుకుంటుంటే మెడ తిరిగింది. ఎడమవైపు, హాయిగా.

అప్పుడు సిగ్గేసింది. అయినా అభిమానం అడ్డొచ్చి, ఆదివారం దాకా కదల్లేదు.

ముషీరాబాద్ గల్లీలో బీరమ్మ తలుపుకు తాళం ఉంది. పక్కింటి కురుమమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"బీరమ్మనా? ఊరికి పోయింది సారూ. ఇగ రాదు."

"అదేమిటి?"

"ఈడ ఉండి ఏం తినాలె? మీ దిక్కు ఇండ్లల్ల ఎవ్వరు పిలుస్తలేరు."

మూర్తి అరుగు అంచున కూర్చున్నాడు.

"అది నా మూలానే. చెయ్యి వణికిందని ఆవిడ చెప్పినా నేను నమ్మలేదు."

కురుమమ్మ చేట పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసింది.

"వణకదా మరి? దినాలు గూడ కాలే, పోకే అని నెత్తి నోరు కొట్టుకున్న. పాపం, మనిషి మెడ తిప్పలేకపోతున్నడంట అని పోయింది. గా కాల్పులల్ల పోయింది ఆమె ఒక్కగానొక్క కొడుకు సారూ."