కుడివైపు దవడపన్ను

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఈసారి కూడా ఎవరూ ఎత్తలేదు.

పన్ను తీయించుకోవడానికి తప్పకుండా వస్తానన్న మనిషి తీరా సమయానికి చెయ్యిచ్చాడు.

పళ్ల డాక్టరు చదువులో ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. ఎవరి పేషెంటుని వాళ్లే తెచ్చుకోవాలి. పేషెంటు లేకపోతే పరీక్షే లేదు.

పరీక్షకొచ్చిన అమ్మాయి ఆసుపత్రి వరండా గోడకి చేరగిలబడింది. కళ్లనిండా నీళ్లు.

"ఏమ్మా, నీ పేషెంటు రాలేదా?"

తలెత్తి చూసింది. అరవై దాటిన మనిషి. నలిగిన చొక్కా. ఒక చెయ్యి బుగ్గకి ఆనించుకుని ఉన్నాడు.

"రాలేదు."

"నాకో పన్ను తీయాలి. కుడివైపు, పైన. నువ్వు తీస్తావా?"

ఓపీ చీటీ, ఎక్స్‌రే చేతిలోనే ఉన్నాయి. బీపీ కూడా చూపించుకుని వచ్చాడట.

ఆమెకి ప్రాణం లేచివచ్చింది. అంతలో స్నేహితురాలు పక్కకి లాగి చెవిలో ఊదింది.

"జాగ్రత్తే! పరీక్షలప్పుడు ఇలాంటివాళ్లు ఇక్కడే తచ్చాడుతుంటారు. పనయ్యాక డబ్బుల కోసం పీకల మీద కూర్చుంటారు. పోయినేడు కూడా ఇతన్ని ఇక్కడే చూశాను."

నిజమే అనిపించింది. మామూలు మనిషి అన్నీ ఇంత సిద్ధంగా తెచ్చుకుంటాడా? కానీ కాదనుకునే పరిస్థితి కాదు.

"సరే, రండి," అంది ముభావంగా. "మీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

ఆయన చిన్నగా నవ్వి వెంట నడిచాడు.

కుర్చీలో కూర్చోబెట్టి ఇంజెక్షన్ ఇచ్చింది. దవడ మొద్దుబారేలోపు ఎగ్జామినర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నవ్వడం మరిచిపోయిన ముఖం.

ట్రేలో పళ్లు పీకే ఫోర్సెప్స్ వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇది దేనికి?"

"పైన ముందుపళ్లకి సార్. వాటికి వేరు ఒక్కటే, తిన్నగా ఉంటుంది. అందుకని ఇదీ తిన్నగానే ఉంటుంది."

"ఇది?"

"కింది దవడపళ్లకి. ముక్కు కిందికి వంగి ఉంటుంది. రెండువైపులా మొనే కాబట్టి కుడికైనా ఎడమకైనా ఇదొక్కటే చాలు."

"మరి ఈయన పన్నుకి?"

పై దవడపళ్లకి మాత్రం రెండు. కుడికొకటి, ఎడమకొకటి. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. చెయ్యి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వెళ్లింది. ఒకటి తీసింది.

ఎగ్జామినర్ పెన్ను మూత తీశాడు.

"అమ్మా," అన్నాడు పెద్దాయన, తిమ్మిరెక్కిన నోటితో. "భయంగా ఉంది. అది లోపల ఎక్కడ పట్టుకుంటుందో కాస్త చెప్పి చెయ్యవూ?"

ఇప్పుడా ఈ చాదస్తం! ఆమెకి ఒళ్లు మండింది. అయినా ఎగ్జామినర్ ముందు విసుక్కోలేక గొంతు తగ్గించుకుంది.

"ఏం లేదండీ. ఈ పన్నుకి మూడు వేర్లు. బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి. ఈ పట్టుకారుకి ఒక పక్క మొన ఉంది చూశారా? అది బుగ్గవైపు రెండు వేర్ల సందులో కూర్చుంటుంది. నున్నగా ఉన్న పక్క అంగిలివైపు..."

చెబుతూనే నోటి దగ్గర పెట్టి చూపించబోయి ఆగిపోయింది.

మొన అంగిలివైపు తిరిగి ఉంది.

తను తీసింది ఎడమవైపుది! అలాగే పట్టి వంచి ఉంటే పన్ను లోపలే విరిగి కూర్చునేది.

"సారీ సార్." దాన్ని పక్కన పెట్టి రెండోది అందుకుంది. "ఇదండీ."

"నోట్లో పెట్టకముందే తెలిసింది కదా," అన్నాడు ఎగ్జామినర్. "కానివ్వు."

వేళ్లతో దవడకి దన్ను పట్టి, పన్నుని బుగ్గవైపు మెల్లగా వంచింది. మళ్లీ అంగిలివైపు. తొందరపడలేదు. పన్ను మూడు వేర్లతో సహా శుభ్రంగా ఊడివచ్చింది.

ఎగ్జామినర్ తలూపి పక్క కుర్చీ దగ్గరికి వెళ్లాడు.

పెద్దాయన నోటినిండా దూది. మాట్లాడలేక, చెయ్యెత్తి దీవిస్తున్నట్టు ఊపాడు.

"బయట కూర్చోండి. మీకివ్వాల్సింది ఇచ్చేస్తాలెండి," అందామె, ముఖమైనా చూడకుండా.

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. ఆయన ఒక్క క్షణం నిలబడి, బయటికి నడిచాడు.

పని ముగించుకుని ఆమె పర్సు పట్టుకుని వచ్చేసరికి వరండా బెంచీ ఖాళీ. గేటు దాకా పరుగెత్తింది. రోడ్డుకి ఇటూ అటూ చూసింది. ఎక్కడా లేడు.

తిరిగొచ్చి నర్సుని అడిగింది.

"సిస్టర్, ఇందాకటి పెద్దాయన డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయాడేంటి?"

మందులు సర్దుతున్న నర్సు చేతులాపింది.

"డబ్బులా? ఆయన అడిగారా?"

"లేదు... నేనే ఇస్తానన్నా."

నర్సు చేతిలోని మందుల డబ్బా పక్కన పెట్టింది.

"ఏటా పరీక్షలకి వాళ్ల వీధిలో పళ్లు పాడైనవాళ్లని పిలుచుకొస్తారమ్మా. ఆయన పన్ను తీయించుకోమని మేము ఎప్పుడో చెప్పాం. 'పరీక్షల దాకా ఉండనివ్వండమ్మా, ఏ పిల్లకైనా పనికొస్తుంది' అంటూ మాత్రలు మింగి నెట్టుకొచ్చారు."

ఆమె పర్సు మూసేసింది.

"ఎవరు సిస్టర్ ఆయన?"

"పరీక్షనాడు పేషెంటు రాక, ఇక్కడే ఏడ్చి ఏడ్చి ఇంటికెళ్లి, మళ్లీ పుస్తకం ముట్టని పిల్ల ఒకతి ఉండేది, దాని తండ్రమ్మా ఆయన."